తాతయ్య పనిచేసింది గోదావరి లాంచీ మీద కాదు! రెండో ప్రపంచ యుద్ధం నాటి గస్తీ పడవల రికార్డులు ఎక్కడ వెతకాలి?

కోనసీమ మనవరాలు

అందరికీ నమస్కారం. మా అమ్మ వాళ్ళ నాన్నగారు నేను పుట్టకముందే పోయారు. ఆయన గురించి ఇంట్లో ఎప్పుడూ వినే మాట ఒకటే, "లాంచీ మీద పనిచేశాడు, రంగం దాకా వెళ్ళొచ్చాడు" అని. మాది కోనసీమ కాబట్టి లాంచీ అంటే గోదావరి మీద జనాన్ని దాటించే లాంచీ అనుకున్నాం, రంగం అంటే ఆ రోజుల్లో మన వైపు వాళ్ళు ఎంతోమంది కూలికి రంగూన్ వెళ్ళేవారు కదా, ఈయనా అలాగే వెళ్ళారనుకున్నాం. మొన్న సంక్రాంతికి పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రేకు ట్రంకుపెట్టె దొరికింది. అందులో నాలుగు మెడల్స్ (రెండు ఆరు మొనల నక్షత్రాలు, రెండు గుండ్రటివి), కొన్ని మనియార్డరు కూపన్లు, ఒక ఫోటో. ఫోటోలో తాతయ్య నేవీ బట్టల్లో ఉన్నారు. టోపీ రిబ్బన్ మీద హెచ్.ఎం.ఐ.ఎస్. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, ఓడ పేరు మాత్రం లేదు. అది చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మకి గుర్తున్నవి ఇవే: విశాఖ మీద బాంబులు పడ్డాక చేరారట. మొదట "మనోరా" అనే చోట ఉన్నారట. పడవలో బీడీ ముట్టిస్తే పెద్ద శిక్ష అనేవారట. మొసళ్ళ గురించి చెప్పేవారట. ఏ పడవ, ఎక్కడ తిరిగింది అనేది ఎలా తెలుసుకోవాలి? ఇలా వెతికినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మాజీ సిగ్నల్‌మన్

అమ్మా, నేను నేవీలో 15 ఏళ్ళు చేశాను. యుద్ధకాలం నాటి సంగతులు మా సీనియర్ల దగ్గర విన్నవీ, తర్వాత చదివినవీ చెబుతున్నాను.

హెచ్.ఎం.ఐ.ఎస్. అంటే హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్. అప్పటి మన నేవీ పేరు రాయల్ ఇండియన్ నేవీ. ఎవరు ఏ ఓడలో ఉన్నారో శత్రువుకి తెలియకూడదని యుద్ధకాలంలో రిబ్బన్ల మీద ఓడ పేరు లేకుండా ఆ అక్షరాలే వేసేవారు. కాబట్టి పేరు లేదని దిగులు పడకండి, అది యుద్ధంలో తీసిన ఫోటో అనడానికి అదే గుర్తు.

ఇక లాంచీ. మీ ఇంట్లో చెప్పింది అక్షరాలా నిజం. మోటార్ లాంచ్ అనే తరగతి గస్తీ పడవలు ఉండేవి, కాగితాల్లో ఎం.ఎల్. అని రాస్తారు. వీటికి పేర్లు ఉండవు, నంబర్లే. రెండు రకాలు ముఖ్యం. ఒకటి ఫెయిర్‌మైల్ బి, 112 అడుగుల చెక్క పడవ, సుమారు 20 నాట్ల వేగం. రెండోది హార్బర్ డిఫెన్స్ మోటార్ లాంచ్, 72 అడుగులు, దాదాపు 12 నాట్లు. ఏదైనా కాగితం మీద నంబరు కనిపిస్తే అంకెలు లెక్కపెట్టండి. మూడు అంకెలుంటే ఫెయిర్‌మైల్, నాలుగుంటే హార్బర్ డిఫెన్స్ లాంచ్.

బీడీ మాట చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఫెయిర్‌మైల్‌కి రెండు పెట్రోలు ఇంజన్లు, రెండు వేల గ్యాలన్లకు పైగా పెట్రోలు చెక్క పొట్టలో మోసుకుంటూ తిరిగేది. హార్బర్ లాంచ్‌ది డీజిల్. ఏ ఓడలోనైనా పొగతాగడానికి కట్టుబాట్లు ఉంటాయి గానీ, ఇంట్లో పిల్లలకి కూడా చెప్పుకునేంత భయం అంటే నా మనసు పెట్రోలు పడవ వైపే మొగ్గుతోంది. ఇది రుజువు కాదు, దారి చూపే ఆనవాలు మాత్రమే.

మనోరా కరాచీ రేవు ముందున్న చోటు. గన్నరీ స్కూలు, అంటే తుపాకుల శిక్షణ కేంద్రం, అక్కడే. దాని పేరు హెచ్.ఎం.ఐ.ఎస్. హిమాలయ, ఓడ పేరులా ఉన్నా అది ఒడ్డు మీదిదే. అంటే తాతగారు తుపాకీ పని నేర్చుకుని ఉండొచ్చు.

భీమిలి అబ్బాయి

అక్కా, ముందు ఒక్క మాట. ఆ మెడల్స్‌ని చింతపండుతో తోమకండి. మా ఇంట్లో పెద్దమ్మ ప్రేమ కొద్దీ ఇత్తడి చెంబుల్లా తోమేసింది, అంచు మీద కొట్టిన అక్షరాలు సగం పోయాయి. మన దేశంలో ఇచ్చిన రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్ మీద సాధారణంగా మనిషి పేరు, నంబరు ఉంటాయి. గుండ్రటి వాటికి అంచు మీద, నక్షత్రాలకి వెనకవైపు చూడండి. పొద్దుటి ఎండలో ఏటవాలుగా పట్టుకుని ఫోన్‌తో తీస్తే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఆ నంబరే మీకు తాళంచెవి. పేరు పట్టుకుని వెతికితే మన తెలుగువాళ్ళు దొరకరు.

ఎందుకంటే మా తాత విషయంలో గుమాస్తా ఇంటిపేరు వదిలేసి, తండ్రి పేరుని అసలు పేరు చేసి, ఊరి పేరు ముందు తగిలించాడు. మేం ఆధార్‌లో రాసే పద్ధతిలో ఇంటిపేరుతో సహా రాసి పంపితే "ఈ పేరుతో రికార్డు లేదు" అని ఒక కార్యాలయం నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఏడాది పాటు వదిలేశాం. తర్వాత మెడల్ మీది నంబరు వేసి మళ్ళీ రాస్తే అదే కార్యాలయం నుంచి సర్వీసు వివరాల నకలు వచ్చింది. చేరిన తేదీ, శిక్షణ, బదిలీలు, విడుదల అన్నీ ఉన్నాయి.

పాత ట్రంకుపెట్టె

భీమిలి తమ్ముడు చెప్పింది నిజం. ఎక్కడికి రాయాలి అంటే: నావికుల రికార్డులు చూసేది ముంబై మాన్‌ఖుర్ద్‌లో చీతా క్యాంప్ దగ్గరున్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్. కానీ నేనైతే దానికంటే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళమంటాను. పెన్షన్ రాని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకి, వాళ్ళ భార్యలకి రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సాయం ఇచ్చేది. మీ అమ్మమ్మగారు దానికి దరఖాస్తు పెట్టి ఉంటే తాతగారి డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు ఆ ఫైల్లో ఉండే అవకాశం ఉంది. నాకు మా మేనత్త మామగారి కాగితం అలాగే దొరికింది. జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలో కూడా అడగండి, అంటే మీకు కాకినాడ.

మనవరాలినని చూపించే కాగితాలు (మరణ ధృవీకరణ, అమ్మగారి ఆధార్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్) ముందే పోగేసుకోండి. కొందరు నేరుగా సమాచార హక్కు చట్టం కింద పెట్టేస్తారు. నా అనుభవంలో వారసుల మామూలు ఉత్తరానికే మంచి జవాబు వచ్చింది, ఆ చట్టం కింద అడిగితే వ్యక్తిగత సమాచారం అని పక్కన పెట్టే వీలుంది.

లండన్ నుంచి

మాది విజయనగరం, ఇక్కడ ఉద్యోగం. మా ముత్తాత తమ్ముడి కోసం క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి నాలుగుసార్లు వెళ్ళాను. రీడర్ కార్డు ఉచితం, ఫోటోలు తీసుకోవడమూ ఉచితమే. ఎవరూ వృథాగా డబ్బు ఖర్చు పెట్టకూడదని ఇది రాస్తున్నా: మన నావికుల సర్వీసు రికార్డులు అక్కడ దొరకవు. పెద్ద ఓడల లాగ్ పుస్తకాలు (ఓడలో రోజూ రాసే వివరాలు) ఉన్నాయి గానీ, ఇలాంటి చిన్న పడవల లాగ్‌లని మామూలుగా దాచిపెట్టలేదు. నేను మొదటి రోజంతా ఆ లాగ్ కోసమే వెతికి సాయంత్రం ఖాళీ చేతులతో బయటికొచ్చాను.

దొరికేది వేరే. ఎ.డి.ఎం. 199 అనే వరుసలో యుద్ధ చర్యల నివేదికలు ఉన్నాయి. వాటిలో ఏ రాత్రి ఏ నంబరు పడవలు ఏ పాయలోకి వెళ్ళాయో కొన్నిచోట్ల రాసి ఉంటుంది. మనిషి పేరు ఉండదు, ఆఫీసరుదైతే ఉండొచ్చు. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్న సర్వీసు ఫైళ్ళూ ఆఫీసర్లవే. అందుకని మొదట ఇండియాలో మనిషి రికార్డు సంపాదించి, పడవ నంబరు, తేదీలు తెలిశాకే ఇక్కడికి రావాలి. నేను తిరగేసి చేశాను.

ఇంట్లో కూర్చుని చూడగలిగినవి కూడా ఉన్నాయి. ఇంపీరియల్ వార్ మ్యూజియం సైట్లో రాయల్ ఇండియన్ నేవీ అని కొడితే బర్మా పడమటి తీరం, అంటే అరకాన్ తీరం ఫోటోలు వస్తాయి. మడ అడవుల మధ్య ఇరుకు పాయల్లో వెళ్ళే లాంచీలు, చొక్కా లేకుండా తుపాకీ దగ్గర కూర్చున్న మనవాళ్ళు. అచ్చం కోరంగి మడ అడవిలా ఉంటుంది, చూసినప్పుడల్లా గుండె పట్టేస్తుంది.

మాజీ సిగ్నల్‌మన్

లండన్ బాబు చెప్పిన అరకాన్ గురించి కాస్త రాస్తాను, ఎందుకంటే మనవరాలి ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉందనుకుంటున్నా.

1939లో మన నేవీలో నావికులు రెండు వేల లోపే. 1945 నాటికి మొత్తం బలం 30 వేల దరిదాపుల్లోకి వచ్చింది. ఆ పెరుగుదలలో చేరినవాళ్ళే మన తాతలు. విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, కాబట్టి మీ తాతగారు ఆ తర్వాత చేరారు. అరకాన్ తీరంలో పనిచేసిన మన లాంచీ దళాలు 55, 56 ఫ్లోటిల్లాలు. ఆ తీరంలో రోడ్లు లేవు, అన్నీ ఉప్పునీటి పాయలు, అక్కడ వాటిని చౌంగ్ అంటారు. జపాన్ సైన్యానికి బియ్యం, మందుగుండు చిన్న పడవల్లో రాత్రిపూట వచ్చేవి. వాటిని ఆపడం, తీరం దగ్గర కాపు కాయడం ఈ లాంచీల పని. ఒడ్డున చెట్ల వెనకనుంచి జపాన్ వాళ్ళు కాల్చేవారు, చెక్క గోడ తూటాని ఆపదు. 1945 జనవరి 3న అక్యాబ్, 12న మైబన్, 21న రామ్రీ దీవి, 22న కంగా, ఇలా ఆ తీరంలో మన వైపు సైన్యాలు వరుసగా దిగాయి. మే నెల మొదట్లో రంగూన్. "రంగం దాకా" అన్న మాటకి ఆ మే నెల సరిపోతుంది.

మొసళ్ళ గురించి ఒక జాగ్రత్త. రామ్రీలో చిక్కుకుపోయిన జపాన్ సైనికులు 1945 ఫిబ్రవరిలో మడ అడవుల గుండా తప్పించుకోబోతే పాయల్లో పడవలు అడ్డం కాశాయి, అది నిజం. వందల మందిని మొసళ్ళు తినేశాయన్న కథ బాగా ప్రచారంలో ఉంది గానీ దాన్ని చాలామంది పరిశోధకులు ఒప్పుకోరు. ఆ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నమాట వాస్తవం, తాతగారు చూసి ఉంటారు. ఆయన ఏమన్నారో అమ్మగారిని అడిగి ఆవిడ మాటల్లోనే రాసుకోండి, నెట్‌లో చదివిన కథని దాంట్లో కలపకండి.

కాకినాడ 71

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా మేనమామ 1971 యుద్ధంలో తూర్పు వైపు చిన్న పడవల మీద ఉన్నారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా దగ్గర డిసెంబర్ 10న పద్మ, పలాష్ పడవలు మన విమానాల పొరపాటు దాడిలోనే మునిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఆయన రికార్డుకీ ఇదే దారా?

మాజీ సిగ్నల్‌మన్

అవును బాబు, అదే బ్యూరో. మీకు పని సులువు, ఆయన పెన్షన్ కాగితాల మీద నంబరు ఉంటుంది. ఆయన బతికే ఉంటే ఈ వారమే వెళ్ళి ఫోన్లో రికార్డు చేయండి, రికార్డు నకలు తర్వాతైనా వస్తుంది.

కోనసీమ మనవరాలు

ఐదు నెలల తర్వాత వస్తున్నాను, క్షమించండి. మీరందరూ చెప్పినట్టే చేశాను.

మెడల్ అంచు మీద నంబరు దొరికింది. పేరులో మా ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంది, అదీ తప్పు అక్షరం. కాకినాడలో అమ్మమ్మ పెట్టిన పాత దరఖాస్తు ఫైలు దొరికింది, అందులో డిశ్చార్జి కాగితం నకలు ఉంది! ఏబుల్ సీమన్ (నావికుల్లో ఒక హోదా), గన్నరీ అని ఉంది. ఒక లైన్లో ఎం.ఎల్., పక్కన అంకెలు. మూడు అంకెలు. మాజీ సిగ్నల్‌మన్ గారూ, మీరు బీడీ ఆనవాలుతో చెప్పింది నిజమైంది, చేతులెత్తి దండం పెడుతున్నాను. నక్షత్రాల్లో ఒకటి బర్మా స్టార్, రిబ్బన్ మధ్యలో వెడల్పాటి ఎరుపు, పక్కల నీలం, ఆ నీలంలో నారింజ గీతలు ఉన్నాయి.

ఒక విషయంలో టెన్షన్‌గా ఉంది. విడుదల 1946 జూన్. మా మావయ్య ఊళ్ళో అందరికీ "మా నాన్న నేవీ తిరుగుబాటులో ఉన్నాడు" అని చెప్పేశాడు. కాగితం మీద కారణం దగ్గర "రిలీజ్" అని మాత్రమే ఉంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మాజీ సిగ్నల్‌మన్

చాలా సంతోషం తల్లీ. బర్మా స్టార్ గురించి ఒక్క మాట: నావికులకి అది బంగాళాఖాతంలో చేసిన సేవకి కూడా ఇచ్చేవారు, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని ఏ పాయలోకి వెళ్ళారో చెప్పలేం. పడవ నంబరే చెబుతుంది.

రిలీజ్ అంటే యుద్ధం అయిపోయాక జరిగిన మామూలు విడుదల. తిరుగుబాటు 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నేవీ శిక్షణ కేంద్రంలో మొదలై కరాచీ, మద్రాస్, కలకత్తా, విశాఖలకి పాకింది. దాంట్లో వేలమంది పాల్గొన్నారు గానీ దానికోసం ఉద్యోగం పోయినవాళ్ళు కొన్ని వందలమందే. అందుకే రిలీజ్ అన్న మాట ఉందని ఆయన తిరుగుబాటులో లేరని చెప్పలేం, ఉన్నారనీ చెప్పలేం. ఆ ఫిబ్రవరి మూడో వారంలో ఆయన ఏ రేవులో ఉన్నారో ముందు తేల్చండి. బ్యూరో నుంచి బదిలీల జాబితా వస్తే తెలుస్తుంది. అప్పటిదాకా మావయ్యగారిని కాస్త ఆగమనండి.

లండన్ నుంచి

ఆ పడవ నంబరు, తేదీలు నాకు పంపండి. వచ్చే నెల రెండో వారంలో క్యూకి వెళ్తున్నాను, 1945 జనవరి నుంచి మే దాకా ఉన్న నివేదికల్లో వెతికి, కనిపించిన ప్రతి పేజీ ఫోటో తీసి పంపుతాను.

భీమిలి అబ్బాయి

అక్కా, మనియార్డరు కూపన్ల మాట మర్చిపోయారు. పంపినవాళ్ళ చిరునామాలో ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ (నేవీ వాళ్ళ తపాలా ఆఫీసు) అని మాత్రమే ఉన్నా సరే, తపాలా ముద్ర మీద తేదీ చూడండి. 1946 ఫిబ్రవరి, మార్చి నెలల ముద్ర ఒక్కటి దొరికినా మీ ప్రశ్నకి పనికొస్తుంది.

కోనసీమ మనవరాలు

చూశాను తమ్ముడూ. మొత్తం పదకొండు ఉన్నాయి. ఒకదాని మీద 1946 కనిపిస్తోంది, నెల దగ్గర చెదపురుగు తినేసింది, ఊరి పేరులో మొదటి అక్షరం "బి" లాగే ఉంది. రేపు పగటి వెలుతురులో అమ్మతో కలిసి మళ్ళీ చూసి ఫోటో పెడతాను. లండన్ అన్నయ్యా, పడవ నంబరు ఇప్పుడే పంపాను.