యుద్ధ మృతుల లెక్కలో ఆకలి చావులను కలపాలా?

కృష్ణాతీరం:
ప్రపంచంలో పోరాటాలు పెరుగుతున్నాయని రాసే పత్రికలు తరచుగా స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం గణాంకాలను ఉటంకిస్తాయి. ఆ పద్ధతిలో, ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న పోరులో ఏడాదికి కనీసం 25 మంది చనిపోతే అది సాయుధ సంఘర్షణ, వెయ్యికి చేరితే యుద్ధం. 2024లో అటువంటి సంఘర్షణలు 61 నమోదయ్యాయి. 1946 నుంచి ఇదే అత్యధికం. అయితే పోరులో నేరుగా చనిపోయినవారే ఈ లెక్కకు వస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం కోల్పోయినవారు సుమారు 87 వేలు. అదే కాలంలో బెంగాల్ కరువు వాతపడినవారు 20 నుంచి 30 లక్షలని అంచనా. జపాన్ బర్మాను ఆక్రమించడంతో అక్కడి బియ్యం ఆగిపోవడం, శత్రువు చేతికి చిక్కకూడదని ప్రభుత్వం పల్లెల పడవలను లాక్కోవడం యుద్ధం వల్ల జరిగినవే కదా! ఆ లక్షల మందిని వదిలేసే కొలమానాన్ని ఎందుకు నమ్మాలి?

లెక్కల మాస్టారు:
కృష్ణాతీరం గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ కలిపితే ఏమవుతుందో కాంగో విషయంలో చూశాం. ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ అనే సహాయ సంస్థ ఇంటింటి సర్వేలు జరిపి, 1998–2007 మధ్య అక్కడ 54 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ప్రకటించింది. వాటిలో అత్యధిక భాగం మలేరియా, విరేచనాలు, న్యుమోనియా, పోషకాహార లోపం వంటి వాటివల్లనే. ఇక్కడ 'అదనపు' అంటే, యుద్ధం లేకపోయినా చనిపోయేవారిని తీసివేయగా మిగిలిన సంఖ్య. యుద్ధం లేని కాంగోను ఎవరూ చూడలేదు కాబట్టి, సహారా దిగువ ఆఫ్రికా సగటును, అంటే నెలకు వెయ్యి మందికి సుమారు 1.5 మరణాలను, సాధారణ స్థాయిగా తీసుకున్నారు. అంతకుముందే ఆసుపత్రులు, రోడ్లు శిథిలమైన దేశానికి ఆ సగటు చాలా తక్కువని విమర్శకులు అన్నారు. దాన్ని 2కు పెంచి చూడండి: సుమారు ఆరు కోట్ల జనాభాలో నెలకు 30 వేలు, ఏడాదికి మూడు లక్షల అరవై వేల మంది యుద్ధ మృతుల జాబితా నుంచి జారిపోతారు. ఒక్క ఊహను అర పాయింటు జరిపితే ఇంత తేడా వచ్చే సంఖ్యతో ప్రపంచ ధోరణిని ఎలా గీస్తాం? ధోరణి తెలియడానికి లెక్క సంపూర్ణంగా ఉండనక్కరలేదు, ఏటా ఒకే పద్ధతిలో ఉంటే చాలు.

నల్లరేగడి:
మాస్టారూ, నేరుగా జరిగిన చావుల లెక్క మాత్రం గట్టిదా? ఇరాక్‌లో 2006 మధ్య నాటికి హింసవల్ల చనిపోయినవారు ఒక వైద్య పత్రికలో వచ్చిన సర్వే ప్రకారం సుమారు ఆరు లక్షలు, ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేసిన సర్వే ప్రకారం లక్షా యాభై ఒక్క వేలు, ప్రధానంగా వార్తల ఆధారంగా లెక్కించిన ఇరాక్ బాడీ కౌంట్ ప్రకారం 50 వేల లోపు. ఇవన్నీ దెబ్బలతో పోయిన ప్రాణాలే. ఆకలిని ఎవరూ కలపలేదు.

లెక్కల మాస్టారు:
అందుకే ఆ మూడింటినీ ఒకే గీతపై పెట్టవద్దంటున్నాను. వార్తల లెక్క తక్కువే కావచ్చు, కానీ ప్రతి ఏడాదీ ఒకే మేరకు తక్కువైతే ఎగుడుదిగుడులు సరిగానే కనిపిస్తాయి.

కృష్ణాతీరం:
ఆ 'ఒకే మేరకు' అన్నదే నిలవదండీ. ఇథియోపియాలోని టిగ్రే ప్రాంతంలో 2020 నవంబరులో యుద్ధం మొదలవగానే ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేశారు, విలేకరులను రానివ్వలేదు. పోరు ఎక్కడ తీవ్రంగా ఉంటే అక్కడే వార్త ఆగిపోతుంది. అంటే మీ లెక్క తగ్గేది సరిగ్గా అది పెరగవలసిన ఏడాదిలోనే. పోనీ, నేరుగా పోయినవారిని ఒక వరుసలో, పరోక్షంగా పోయినవారిని కనిష్ఠ, గరిష్ఠ అంచనాలతో మరో వరుసలో పక్కపక్కనే ప్రచురించడానికి మీకు అభ్యంతరమా?

లెక్కల మాస్టారు:
రెండింటినీ కూడి శీర్షికలో పెట్టనంతవరకు నాకు అభ్యంతరం లేదు. రెండో వరుస కింద, సాధారణ మరణాల రేటును ఎంతగా తీసుకున్నారో అంతే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి.