ఎఫ్‌సీలో (ఫిట్‌నెస్ పరీక్షలో) ఫెయిలైన కారుని గ్యారేజీ దాకా నడుపుకెళ్ళొచ్చా? (బెంగళూరు)

మారతహళ్ళి_బండి:
2010 మోడల్ పెట్రోల్ కారు, కేఏ-53 నంబరు. పదిహేనేళ్ళు నిండాయని ఆర్సీ రెన్యువల్‌కి పెడితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఫెయిల్ చేశారు. వెనక ఎడమ బ్రేకు పట్టడం లేదు, హ్యాండ్‌బ్రేక్ నిలవడం లేదు అని రాశారు. ఆర్సీ గడువు పోయిన వారమే దాటింది. ఇన్సూరెన్స్ ఉంది, ఫీజు రసీదు ఉంది. తెల్లారకముందే మెల్లగా హూడిలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఇబ్బందా?

చట్టం_తెలుగులో:
ఇబ్బందేనండి. ముందు చూడాల్సింది ఆర్సీ మీద తేదీ. అది దాటకపోయుంటే, ఫెయిలైనంత మాత్రాన రిజిస్ట్రేషన్ పోదు. మీది దాటిపోయింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 52 ప్రకారం రెన్యువల్ అయ్యేదాకా సొంత కారైనా రోడ్డెక్కకూడదు. గ్యారేజీకి వెళ్తున్నామన్నా అందులో మినహాయింపు లేదు. రసీదు ఫీజు కట్టారనడానికి రుజువే గానీ ఆర్సీ కాదు. దొరికితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 దాకా జరిమానా, బండిని ఆపేసే అధికారమూ ఉంది. బ్రేకు లోపం తెలిసీ నడిపితే 190వ సెక్షన్ కింద కేసు వేరే.

నన్నడిగితే జరిమానా కంటే ఇన్సూరెన్స్ సంగతే పెద్దది. చెల్లే రిజిస్ట్రేషన్ లేని కారుకి క్లెయిమ్ ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2014లోనూ 2021లోనూ చెప్పింది.

డ్రమ్ము_షూలు:
మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, ఇది అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అయ్యే పనే. వెనక డ్రమ్ బ్రేకులయ్యుండి ఒక్కవైపే పట్టడం లేదంటే మొదటి అనుమానం వీల్ సిలిండర్ (బ్రేకు షూలను డ్రమ్ముకి నొక్కే భాగం) మీదే. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదనివ్వకండి. చాలా డ్రమ్ములకు ముఖం మీద లోపల మర (థ్రెడ్) కోసిన రెండు రంధ్రాలుంటాయి, వాటిలో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది.

సిలిండర్ చివరనుండే రబ్బరు టోపీని గోటితో కాస్త ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే కారుతున్నట్టే. ఆ ఫ్లూయిడ్ పట్టిన షూలను పెట్రోల్‌తో కడిగి మళ్ళీ బిగించేస్తారు కొందరు, ఒప్పుకోవద్దు. లైనింగ్ పీల్చుకున్నది వేడెక్కగానే పైకి తేలుతుంది. షూలు రెండు వైపులా మార్చాలి, లేదంటే పట్టు ఎక్కువతక్కువై మళ్ళీ ఫెయిలే. ఫ్లూయిడ్ రిజర్వాయర్ మూత మీద రాసిన రకమే, సీలు తీయని సీసా కొనండి. తెరిచి ఉంచింది గాలిలో తేమ పీల్చుకుంటుంది.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్ అన్నిటికన్నా చివర బిగించాలి. షూల అడ్జస్టర్ సరిచేయకుండా కేబుల్ లాగేస్తే షూలు డ్రమ్ముకి రాసుకుంటూ వేడెక్కుతాయి. అయ్యాక బేస్‌మెంట్ ర్యాంపు మీద, కింద ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్‌బ్రేక్ నిలుస్తుందో లేదో పరీక్షించండి.

మారతహళ్ళి_బండి:
సరేనండి. మరి మళ్ళీ ఆర్టీఓకి ఎలా?

చట్టం_తెలుగులో:
ఫ్లాట్‌బెడ్ (కారుని పైకెక్కించుకుని తీసుకెళ్ళే లారీ) మీద ఎక్కించి పంపండి. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే, ఇలాంటి పనికి వస్తారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. లోడ్ చేసేముందు హారన్, వైపర్లు, వెనక లైట్లన్నీ, హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేటు ఒకసారి చూసుకోండి, బల్బు ఒకటి పోయినా ఫ్లాట్‌బెడ్ ఖర్చు మళ్ళీ మీదే. చాసిస్ నంబరు మీద తుప్పు తుడిచి పెట్టండి, పెన్సిల్ అచ్చు చదవగలిగేలా రావాలి.