సమస్యాపూరణం: "నీరు లేని నూత నిప్పు పుట్టె"

నిర్వాహకుడు, సత్యనారాయణపురం, విజయవాడ:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. విషయం, ఇంటి దగ్గరే కారు స్పార్కు ప్లగ్గులు (ఇంజనులో ఇంధనాన్ని రగిల్చే నిప్పురవ్వ పుట్టించేవి) మార్చుకోవడం.

ఇప్పటి కార్లలో ప్లగ్గు పైకి కనిపించదు. ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ ఊడదీస్తే సన్నటి నుయ్యి, దాని అడుగున ప్లగ్గు. ఇంజను కడిగినప్పుడు ఆ నూతిలో నీరు దిగితే కరెంటు పక్కదారి పట్టి బండి దగ్గుతుంది. నీరు లేకపోతేనే నిప్పు. సమస్యలో విరోధం పైపైనే ఉంది. నియమం ఒక్కటే: పద్యంలో పనిముట్టు ఉండాలి, బానెట్ ఎత్తి నిలబడ్డవాడికి ఆ పద్యం అక్కరకు రావాలి.

పటమట మాస్టారు:
లోతు సాకెటొకటి లోనికి దింపి యా
పాత ప్లగ్గు పైకి పట్టి తీసి
కొత్తదాని నునిచి కొలతగా బిగియింప
నీరు లేని నూత నిప్పు పుట్టె.

నిర్వాహకుడు:
మాస్టారూ, నడక హాయిగా ఉంది. "పాత ప్లగ్గు"లో సంయుక్తం వేరే పదం మొదట ఉంది కాబట్టి "త" లఘువే, అభ్యంతరం లేదు. "కొలతగా" అన్న మాట పద్యానికి ప్రాణం. అయితే "లోతు సాకెట్" (తలకు తొడిగి తిప్పే పొడుగు గొట్టం) అంటే సరిపోదు. ప్లగ్గు సాకెట్ వేరు, లోపల ప్లగ్గును పట్టి ఉంచే రబ్బరో అయస్కాంతమో ఉంటుంది. నేనొకసారి మామూలు లోతు సాకెట్‌తో దిగాను. కొత్త ప్లగ్గు జారి నూతి అడుగున ఠక్కున పడింది. బయటికి తీసి చూస్తే బాగానే ఉందనిపించి బిగించేశాను. మర్నాడు దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి కుదుపులు. ప్లగ్గు పింగాణీలో వెంట్రుకంత చీలిక. కిందపడ్డ ప్లగ్గును నేనిప్పుడు బండికి ఎక్కించను.

ఆటోనగర్ తమ్ముడు:
చూడ సాకెటందు సూదంటు రాతికి
నంటి పైకి వచ్చె నదిగొ ప్లగ్గు
తాడు లేదు, చేద దానితో పని లేదు
నీరు లేని నూత నిప్పు పుట్టె.

నిర్వాహకుడు:
తమ్ముడూ, చూ–సూ యతి మైత్రి ముచ్చటగా కుదిరింది. సూదంటురాయి సాకెట్‌ను చూస్తే నాకు మా అమ్మమ్మగారి ఊళ్లో నూతిలో పడ్డ బిందెలు తీసే పాతాళగరిగె గుర్తొస్తుంది. కానీ అన్వయం తెగింది. రెండో పాదానికే ప్లగ్గు బయటికి వచ్చేసింది, ఇక నూతిలో నిప్పు ఎలా పుడుతుంది? మూడో పాదం ఇలా మార్చి చూడు: "పాత దాని బదులు పదిలమ్ముగా నుంచ".

ఆటోనగర్ తమ్ముడు:
నిజమే అన్నగారూ, మార్చుకుంటాను. సాకెట్ కొలత కూడా చెప్పాలి. పాత తరం ప్లగ్గులకు 21 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన చాలావాటికి 16. కొన్ని కొత్త బళ్లకు 14 మిల్లీమీటర్ల పన్నెండు మూలల పలచగోడ సాకెట్ కావాలి. కొనేముందు బండి పుస్తకం చూడండి. 3/8 అంగుళం రాచెట్ (సాకెట్‌ను తిప్పే పిడి), ఆరంగుళాల ఎక్స్‌టెన్షన్ (పొడిగింపు కడ్డీ), కాయిల్ బోల్టుకు ఎక్కువగా 10 నంబరు సాకెట్. ఇవి ఉంటే ఇంట్లో పని అయిపోతుంది.

భవానీపురం సభ్యుడు:
బావి త్రవ్వగాను పాశర్లపూడిలో
గ్యాసు పైకి యెగసి కాలె నాడు
అరువదైదు దినములారక మండెను
నీరు లేని నూత నిప్పు పుట్టె.

నిర్వాహకుడు:
1995లో కోనసీమలోని పాశర్లపూడి గ్యాసు బావిలో లేచిన ఆ మంట కళ్ల ముందుకొచ్చింది. గొప్ప పూరణ. పనిముట్టు లేదు కాబట్టి ఈ వారం పోటీలోకి తీసుకోలేను, క్షమించాలి.

మంగళగిరి సభ్యుడు:
టార్కు రెంచితోడ బలము చూపక నేను
చెప్పినంత బిగువె చేసి విడువ
మరలు చెడక యుండె, మనసు కుదుటబడె,
నీరు లేని నూత నిప్పు పుట్టె.

పటమట మాస్టారు:
మొదటి పాదంలో టా–బ యతి చెల్లదు బాబూ. "టార్కు పానతోడ డాబుకు పోకుండ" అంటే టా–డా కలుస్తాయి, అర్థమూ నిలుస్తుంది.

నిర్వాహకుడు:
మాస్టారి సవరణ బంగారం. టార్కు పానా అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా. డాబుకు పోవడం వల్లే హెడ్లు (ప్లగ్గులు బిగించే ఇంజను పైభాగాలు) పోతాయి. హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. టామీ రాడ్ (పొడుగు కడ్డీ) వేసి బలంగా తిప్పితే లోపలి మర ఊడొస్తుంది. అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల మరకు 25–30 న్యూటన్ మీటర్లు, 12కు 15–20 (ఇది మర వ్యాసం, సాకెట్ కొలతతో కలపొద్దు). టార్కు పానా లేనివాళ్లు వాషరున్న కొత్త ప్లగ్గును చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతులు. మరకు గ్రీజు రాస్తే అదే కొలతకు ఎక్కువ బిగిసిపోతుంది, పొడిగానే ఎక్కించండి.

బ్రాడీపేట అక్కయ్య, గుంటూరు:
గాలి యూది మట్టి కడగండ్లు దొలగించి
చల్లనైన వేళ శ్రద్ధ మీర
వేళ్లతోడ మొదలువెట్టి బిగించగా
నీరు లేని నూత నిప్పు పుట్టె.

నిర్వాహకుడు:
అక్కయ్యగారూ, "మట్టి కడగండ్లు" చదివి లేచి నిలబడ్డాను. నూతి చుట్టూ ఉన్న మట్టి ఊదకుండా ప్లగ్గు విప్పితే అదంతా సిలిండర్లో పడుతుంది. ఇక్కడ వేళ్లే అసలు పనిముట్టు. రాచెట్ తగిలించకుండా, సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ ఒక్కటే పెట్టి వేళ్లతో తిప్పితే మర వంకరగా పడుతోందో లేదో చేతికే తెలుస్తుంది. ఒక్క మాట: వరస తిరగబడింది. ఇంజను చల్లబడటం ముందు, గాలి తర్వాత. వేడి మీద విప్పితే మర దెబ్బతింటుంది.

బ్రాడీపేట అక్కయ్య:
అవును తమ్ముడూ. మా ఇంట్లో పొద్దున్నే, బండి తియ్యకముందే ఈ పని పెట్టుకుంటాం. పద్యంలోనే వరస తప్పాను. సరిచేశాను:

చల్లబడిన పిదప జాగ్రత్తగా గాలి
యూది నూతి మట్టి యూడ్చివైచి
వేళ్లతోడ మొదలువెట్టి బిగించగా
నీరు లేని నూత నిప్పు పుట్టె.

పటమట మాస్టారు:
ఈ వారం పూరణ ఇదే. నా ఓటు అమ్మాయికి.