అప్పు తీరని కారును మిత్రుని దగ్గర కొనవచ్చా?

ప్రశ్న (తిరుపతి):
పదేళ్లుగా నాతో కలిసి పనిచేస్తున్న మిత్రుడు 2021లో కొన్న తన కారును నాకు అమ్ముతానంటున్నారు. ధర రూ.5 లక్షలకు కుదిరింది. బ్యాంకుకు ఆయన ఇంకా రూ.1.80 లక్షలు కట్టవలసి ఉంది. ఇప్పుడు రూ.3.20 లక్షలు ఆయన చేతికిచ్చి, మిగిలిన వాయిదాలను నెలనెలా ఆయన ఖాతాలో వేస్తూ పోతే, రెండేళ్లకు అప్పు తీరాక బండిని నా పేరుకు మారుస్తారట. మనిషి మీద నాకు అనుమానం లేదు. ఇంట్లోవాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఇలా కొన్నవారు ఏ క్రమంలో చేశారో చెప్పగలరు.

జవాబు (చిత్తూరు):
మీ ఇంట్లోవాళ్ల మాటే సరైనదండీ. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉన్నంతకాలం, దాని సమ్మతి లేకుండా బండి మరొకరి పేరుకు మారదు. వాయిదాలన్నీ మీరే కట్టినా రికార్డులో యజమాని ఆయనే. ఈలోగా మీ చేతిలో ప్రమాదం జరిగితే ఆయనకూ చిక్కే: బండి చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పునిచ్చింది. ఈ మాట చెబితే ఆయనే మీ దారికి వస్తారు.

నేను కొన్నప్పుడు ముందుగా బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించుకున్నాము. మిగిలిన అసలు, ఆ రోజు వరకు వడ్డీ, ముందే తీర్చినందుకు వేసే రుసుము, ఆ లెక్క ఏ తేదీ వరకు చెల్లుతుందన్నది అందులోనే ఉంటాయి. ఆ మొత్తాన్ని అమ్మేవారి చేతికివ్వకుండా, ఇద్దరం బ్రాంచికి వెళ్లి, నేరుగా ఆయన లోన్ ఖాతాలోనే జమచేసి రసీదు తీసుకున్నాను. తరువాత ఎన్ఓసీ (బ్యాంకుకు అభ్యంతరం లేదన్న పత్రం), రెండు ప్రతుల ఫారం 35 ఇచ్చారు. రెండో ప్రతి మీద ముద్ర వేయడం మరిచారు. ఇంటికి వచ్చాక చూసుకుని మళ్లీ వెళ్లవలసి వచ్చింది కాబట్టి, కౌంటరు దగ్గరే రెండూ తిప్పి చూసుకోండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించడానికి ఆ ఫారం, పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. ఆయనకు రావలసిన సొమ్ములో కొంత, పేరు మారేదాకా అట్టిపెట్టుకోవడం నా పద్ధతి. స్నేహితుడైనా అంతే.

జవాబు (తిరుపతి):
బీమా సంగతి మరవకండి. పేరు మారిన 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేయాలి. క్లెయిములు లేనందుకు ఆయనకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ మాత్రం ఆయనదే, బండితో పాటు మీకు రాదు. ఆ మేరకు ప్రీమియం తేడా మీరే కట్టవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సోమవారం ఇద్దరం బ్రాంచికి వెళ్తున్నాము. చేతిలో అంత సొమ్ము లేకపోతే ఆ లోన్‌నే నా పేరుకు మార్చమని అడగవచ్చా?

జవాబు (చిత్తూరు):
అడగవచ్చు, కానీ ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టం. ఒప్పుకున్నా మీ ఆదాయం, పాత అప్పులు కొత్త రుణానికి చూసినట్టే చూస్తారు. పాత బండి మీద కొత్తగా లోన్ తీసుకుంటే, కొత్త కారుకంటే వడ్డీ సాధారణంగా ఎక్కువ పడుతుంది. మరొక మాట, మీ మిత్రుడు ఆ కారులో తరచూ తిరుమలకు వెళ్లేవారైతే, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు బాగా అరుగుతాయి కాబట్టి, డబ్బు కట్టకముందే మెకానిక్ చేత చక్రాలు విప్పించి ప్యాడ్లు చూపించండి.