పెరట్లో పనిగది: నల్లరేగడి నేల, రెండున్నర లక్షలు, ఏసీ లేకుండా

గుంటూరు పద్దులు:

అందరికీ నమస్కారమండీ. మాది పట్టాభిపురం వైపు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకి లెక్కలు, జీఎస్టీ రిటర్నులు ఇంట్లోనే కూర్చుని చేస్తాను. సీజన్లో రాత్రి పదింటి దాకా ఫోన్లు, బిల్లులు పట్టుకుని వచ్చేపోయే మనుషులు. హాల్లో మామయ్యగారు పడుకోవాలి, మావాడు ఇంటర్. అందుకని వెనక పెరట్లో పది బై పన్నెండు గది ఒకటి వేసుకుందామని ఆలోచన.

నాలుగు ఇనప గొట్టాలు పాతి, చుట్టూ రేకులు కొట్టించి ఏసీ పెట్టుకోండి, వారంలో అయిపోతుంది అంటున్నాడు మేస్త్రి. నాకు మనసొప్పట్లేదు. కరెంటు బిల్లు ఒకటే కాదు, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ రేకుల మధ్య ఎవరు కూర్చుంటారు? ఇంటర్నెట్లో చెక్క గదులు చూశాను, ముచ్చటేసింది. మన చెదలకి ఆగుతాయా?

పడమర వైపు పెద్ద వేపచెట్టు ఉంది, అది కొట్టేది లేదు. నేల నల్లరేగడి, ఎండాకాలం కాంపౌండు గోడ పక్కన చెయ్యి దూరేంత నెర్రెలు. చేతిలో రెండున్నర లక్షలు. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి?

సివిల్ పని, రిటైర్డ్:

అమ్మా, మీ డబ్బు ముందు నేలలోకి, ఆ తర్వాత కప్పులోకి వెళ్లాలి. మిగిలిందాంతో గోడలు లేస్తాయి.

నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెర్రెలిస్తుంది. రెండడుగుల పునాది తవ్వి గోడ లేపితే ఆ కదలికంతా గోడ మీదే పడుతుంది. ఈ నేల కోసం అండర్ రీమ్డ్ పైల్స్ అని ఉన్నాయి, రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అభివృద్ధి చేసిన పద్ధతి. సన్నటి గొయ్యి పదకొండు, పన్నెండు అడుగుల లోతుకి దించి, అడుగున గంటలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ లోతులో తడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు, కాబట్టి కదలదు. మీ గదికి ఆరు చాలు. వాటిని కలుపుతూ గోడల్ని మోసే కాంక్రీటు దూలం, అంటే ప్లింత్ బీము కింద మూడు అంగుళాలకి పైనే ఖాళీ ఉంచమనండి. మేస్త్రులు ఆ ఖాళీని మట్టితో కూరేస్తారు, దగ్గరుండి చూసుకోండి. వానాకాలం ఉబ్బిన నేల ఆ సందులోకే రావాలి, బీముని ఎత్తకూడదు. తవ్వి తీసిన నల్లమట్టిని అరుగు నింపడానికి అసలు వాడొద్దు, గ్రావెల్ తోలించుకోండి.

వేపచెట్టు ఉంచడం మంచి నిర్ణయం, పడమటి ఎండ అదే ఆపుతుంది. కాకపోతే దాని వేళ్లు వేసవిలో నేలలో తడి లాగేస్తాయి, ఆ పక్కే ఎక్కువ ముడుచుకుంటుంది. పైల్స్ మీద ఖర్చు పెట్టమనడానికి అది ఇంకో కారణం. నీడ అందేంత దగ్గరగా, మొదలుకి వీలైనంత ఎడంగా జరుపుకోండి.

ఇక కప్పు. మే మొదటి వారంలో గుంటూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. వేడి గోడల కంటే పైనుంచే ఎక్కువ దిగుతుంది. రేకు కాలి, ఆ సెగ సూటిగా మీ తల మీదకి కొడుతుంది. బెంగుళూరు పెంకులు వేయించండి. పాత ఇళ్లు పడగొట్టే చోట మంచివి దొరుకుతాయి, టేకు కిటికీలు కూడా. పెంకుల కింద ఒక అడుగు ఎత్తు ఖాళీ వదిలి వెదురు తడికెలు సీలింగుగా కట్టి, రెండు చివరలా పైన జాలీలు పెడితే వేడిగాలి బయటికి పోతుంది. చూరు రెండడుగులు బయటికి ఉండాలి. ఇది తుపాన్లు వచ్చే ప్రాంతం, వాసాల్ని బీముకి ఇనప పట్టీలతో బిగించండి.

గోడలకి ర్యాట్ ట్రాప్ కట్టుబడి అడగండి. తక్కువ ఖర్చు ఇళ్లకి పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మన తొమ్మిది, నాలుగు, మూడు అంగుళాల ఇటుకని పక్కకి నిలబెట్టి రెండు వరసలు కడితే మధ్యలో మూడు అంగుళాలు ఖాళీ మిగులుతుంది. ఇటుక దాదాపు పాతిక శాతం తగ్గుతుంది, లోపలి గాలి వేడిని ఆపుతుంది. మేస్త్రి చెయ్యలేననొచ్చు. ఒక మూల నాలుగు వరసలు ఉత్తగా పేర్పించి చూడండి, పని తెలిసినవాడికి గంటలో పట్టుబడుతుంది.

ఒక్క మాట. ఇంటి ప్లాను తీసి చూడండి, వెనక సెట్‌బ్యాక్‌గా, అంటే గోడకి ఇవతల ఖాళీగా, వదలమన్న చోట గది లేపకూడదు.

సింగ్‌నగర్ వాసి:

విజయవాడ నుంచి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. ప్లైవుడ్ పార్టిషన్లు, జిప్సం బోర్డులు ఉబ్బి ఊడిపోయాయి. ఇటుక గోడ, నాపరాయి నేల కడిగితే మళ్లీ పనికొచ్చాయి. చెక్క గది మాట మర్చిపోండి, చెదలకంటే ముందు తడి తినేస్తుంది. స్విచ్ బోర్డులు నడుము పైనే పెట్టి, వైరింగు పైనుంచి దింపించండి. లెక్కల పుస్తకాలకి గోడలోనే ఎత్తుగా గూళ్లు పెట్టించండి.

ఇటుకకి ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదతో చేసేవి అడగండి. కొలత సమంగా ఉంటుంది, బట్టీలో కాల్చే పని లేదు. పైన చెప్పిన కట్టుబడికి సమంగా ఉన్న ఇటుకే కావాలి.

నేల మీద టైల్సు వద్దు. మాచర్ల నాపరాళ్లు ఇసుక మీద పరిపించండి. రేగడి కదిలి ఒక రాయి లేచినా, తీసి సర్ది మళ్లీ పెట్టుకోవచ్చు.

గుంటూరు పద్దులు:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ప్లాను తీశాను, సెట్‌బ్యాక్ పోనూ వేపచెట్టు పక్కన పది బై పదకొండుకి చోటుంది, అంతే కడతాను. తొమ్మిదీ నాలుగూ మూడు ఇటుక గురించి చెబితే మేస్త్రి శనివారం వచ్చి పేర్చి చూపిస్తానన్నాడు.

పైల్స్ గొయ్యి మాత్రం చేత్తో తిప్పి నేల తొలిచే బర్మా, ఆగరు అంటారట, అది లేకుండా తవ్వలేనంటున్నాడు. అడుగున వెడల్పు చేసే పరికరంతో సహా గుంటూరులో గానీ మంగళగిరిలో గానీ ఎవరైనా అద్దెకిస్తారా? వానలు పడకముందే ఆ పని ముగించాలి.