అత్తయ్యగారు గాజులు నేనే తీశానంటున్నారు, డాక్టరేమో మీ మాట తీరు చూసుకోండి అన్నారు

కూకట్‌పల్లి_కోడలు:
అందరికీ నమస్తే. మా అత్తయ్యగారికి 76, అల్జీమర్స్. మతిమరుపు వరకు ఎలాగో సర్దుకుపోయాం గానీ ఇప్పుడు వరస మారింది, గాజులు ఆవిడే ఎక్కడో దాచేసి నేను తీశానని పక్క ఫ్లాట్ వాళ్ళకి కూడా చెప్తున్నారు. సాయంత్రం ఐదయ్యేసరికి మా ఇంటికి పోతాను, అమ్మ ఎదురుచూస్తుంది అని తలుపు దగ్గర నిలబడతారు. స్నానం అంటే కొట్టడానికొస్తారు. మా బావగారు ఆదివారం వచ్చి గంట కూర్చుంటే మాత్రం ఎక్కడలేని నెమ్మది, ఆయనేమో "అమ్మ బానే ఉందిగా" అనేసి వెళ్ళిపోతారు, నాకు ఒళ్ళు మండిపోతుంది. మొన్న డాక్టర్‌గారు మందు మార్చలేదు, ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో దాన్నిబట్టి కూడా ఈ గోల పెరగడం తగ్గడం ఉంటుంది అన్నారు. అంటే తప్పు నాదేనా? రాత్రీపగలూ చాకిరీ చేసేది నేనే కదండీ

కరీంనగర్_తమ్ముడు:
అక్కా, తప్పు మీదని కాదు ఆయన అన్నది. మా బాపును చూసుకున్న కాబట్టి చెప్తున్న. రోగం మెదడుల ఉన్నది, మనం తెచ్చింది కాదు. కానీ వాళ్ళకు మాట అర్థం కాకున్నా మన మొఖం, గొంతు మంచిగ అర్థమైతయ్. బాపు వాళ్ళ తమ్ముడేడి అని అడిగేటోడు, ఆయన చచ్చిపోయి ఎన్నేండ్లాయె అని మా అమ్మ ప్రతిసారి చెప్పేది, బాపుకు ప్రతిసారి అది కొత్త వార్తనే, ఏడ్చుడు, ఆ తర్వాత కోపం, గిన్నెలు ఇసిరేసుడు. తర్వాత చెర్ల ఈతకు పోయిన ముచ్చట చెప్పు బాపూ అనుడు మొదలువెట్టినంక చానా తగ్గింది. గాజుల కాడ గూడ నేను తియ్యలే అని వాదిస్తే మీరే దొంగ అయితరు. "అయ్యో పోయినయా, పాండ్రి దేవులాడుదాం" అనుండ్రి, కలిసి దేవులాడుండ్రి. అసలువి లాకర్ల వెట్టి ఒక జత రోల్డ్‌గోల్డ్‌వి ఆమె దాచుకునే జాగల పెట్టుండ్రి.

సిస్టర్_బెజవాడ:
నేను నర్సుని. మాట తీరు సంగతి తర్వాత, ముందు ఒంట్లో ఏముందో చూడండి. రెండు మూడు రోజుల్లోనే గొడవ ఒక్కసారిగా పెరిగిందంటే యూరిన్ ఇన్‌ఫెక్షనో, విరేచనం కాకపోవడమో, మోకాళ్ళ నొప్పో, పంటి నొప్పో అయ్యుండొచ్చు, ఆవిడ నోటితో చెప్పలేరు, చెయ్యెత్తుతారు అంతే. జలుబుకని మెడికల్ షాపులో అడిగి వేసే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మాత్రలు కూడా అయోమయం పెంచుతాయి. కళ్ళజోడు, చెవి మిషన్ పెట్టుకుంటున్నారా?
ఇక స్నానం. మగ్గుతో నెత్తిమీద నీళ్ళు గుమ్మరిస్తే ఏం జరుగుతుందో తెలియని మనిషికి అది దాడే. నీళ్ళు ముందు ఆవిడ చేతికి తగలనివ్వండి, పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రండి, భుజాల మీద టవల్ కప్పే ఉంచండి. తలస్నానం ఇంకో రోజు. వద్దంటే ఆ పూట వదిలేయండి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచినా చాలు. ఇంకోటి, బుజ్జి కదూ బంగారం కదూ అని చంటిపిల్లకి చెప్పినట్టు చెప్తారు చూడండి, అమెరికా నర్సింగ్ హోముల్లో వీడియోలు తీసి చూస్తే అలా మాట్లాడినప్పుడే పెద్దవాళ్ళు ఎక్కువ మొరాయించారట. మామూలు గొంతుతో, ఒకసారికి ఒక్క మాటే చెప్పండి.
మత్తుమందు రాయమని మాత్రం పట్టుబట్టకండి. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు ఉన్న పెద్దవాళ్ళకి, గొడవ తగ్గించడానికని ఇచ్చే ఆంటీసైకోటిక్స్ అనే మందులతో ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక ఇచ్చింది. మరీ తప్పనప్పుడు డాక్టరే కొద్ది డోసులో రాస్తారు.

లెక్కల_మాస్టారు:
అన్నీ మాటతో పోతాయంటే నేనొప్పుకోను. మా ఆవిడది లూయీ బాడీ రకం డిమెన్షియా, అందులో లేనివి కూడా కనిపిస్తాయి, మంచం పక్కన పిల్లలు ఆడుతున్నారంటుంది, నేనెంత మెల్లగా మాట్లాడినా ఆ పిల్లలు పోరు. తను భయపడనంతవరకు నేనూ పట్టించుకోను. కానీ నేను సరిగా నిద్రపోని మర్నాడు ఇల్లు రణరంగమే, అది నిజం. అంచేత మీ మాట తీరు బాగుండాలంటే మీకు నిద్ర ఉండాలమ్మా, అది డాక్టర్ మీకు కాదు మీ బావగారికి చెప్పాల్సింది. గంటసేపు చుట్టపుచూపుగా వస్తే ఎవరికైనా మర్యాదగానే మాట్లాడతారు, రెండు రాత్రులు ఆయన్ని ఉండమని మీరు పుట్టింటికి వెళ్ళి రండి.
ఒక నోట్‌బుక్ పెట్టండి. గొడవ ఎన్నింటికి, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, ఎవరున్నారు, అంతే రాయండి. డాక్టర్లు డైస్ అనే పద్ధతిలో చేసేది కూడా ఇంచుమించు ఇదే, జరిగింది వివరంగా రాసుకోవడం, కారణం వెతకడం, ఒక ఉపాయం వేయడం, పనిచేసిందో లేదో చూడటం.

కూకట్‌పల్లి_కోడలు:
రాయకముందే ఒకటి తట్టింది మాస్టారూ. ఐదింటికే పిల్లలు స్కూల్ బస్ దిగుతారు, కుక్కర్ విజిళ్ళు, టీవీ, హాల్లో లైటు కూడా వేసి ఉండదు, నేనేమో అందరి మీదా అరుస్తూ ఉంటాను. రేపట్నుంచి నాలుగున్నరకే లైట్లేసి ఆవిడ ముందు పత్తి పెట్టి ఒత్తులు చేయమంటాను, చేతులకి ఆ పని ఇంకా బాగానే గుర్తుంది. యూరిన్ టెస్టుకి ఇస్తున్నాం.

సిస్టర్_బెజవాడ:
మంచిది. మీకే బాగా భారంగా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. బావగారితో మాట్లాడారా?

కూకట్‌పల్లి_కోడలు:
మెసేజ్ పెట్టానండి. బ్లూ టిక్ వచ్చింది, రిప్లై లేదు. ఈసారి మా ఆయనతో ఫోన్ చేయిస్తున్నా, శనివారం బ్యాగ్ సర్దుకునే రమ్మని.