అట్రాసిటీ కేసులో రాజీ పడమంటున్నారు. పడాలా, వద్దా?

కాలువగట్టు
అన్నలూ, అక్కలూ, మాది బాపట్ల జిల్లాలో ఒక ఊరు. శ్రీరామనవమి నాడు అన్నదానం బంతిలో కూర్చున్న మా చిన్నాన్న కొడుకుని (19 ఏళ్లు, డిగ్రీ రెండో ఏడాది) కులం పేరు పెట్టి తిట్టి, రెక్క పట్టుకుని లేపి, చెంప మీద కొట్టారు. అప్పుడే ఆకులో పప్పు వడ్డించారట. వాడు ఇప్పటికీ ఆ పప్పు సంగతే చెప్తాడు, దెబ్బ సంగతి ఎత్తడు.

ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టాం, ఎఫ్‌ఐఆర్ అయింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. చిన్నాన్న చేసే రెండెకరాల కౌలు "ఈ ఏడు మేమే చేసుకుంటాంలే" అని ఆపేశారు. కొట్లో అప్పు ఇవ్వడం లేదు. పిన్నిని నాట్లకి పిలవడం లేదు. ఇప్పుడు పెద్దమనుషులు వచ్చి 2 లక్షలు ఇప్పిస్తాం, తప్పయిందని చెప్పిస్తాం, కేసు వదిలెయ్యండి అంటున్నారు. చిన్నాన్న సరే అనేలా ఉన్నాడు. నాకు మనసొప్పడం లేదు. హైదరాబాద్‌లో కూర్చుని ఇలా అనడం సులువేనని తెలుసు. మీరేమంటారు?

నల్లరేగడి
వద్దు తమ్ముడూ. 2 లక్షలు తీసుకుంటే చెంపదెబ్బకి రేటు కట్టినట్టే. రేపు ఇంకొకడు డబ్బు జేబులో పెట్టుకునే వస్తాడు కొట్టడానికి. కారంచేడు వాళ్లు రాజీ పడ్డారా? 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపితే, ఊరొదిలి చీరాల వచ్చి గుడిసెలేసుకున్నారు గానీ తగ్గలేదు.

వంటిల్లు
నల్లరేగడి గారూ, ఊరొదిలారు అని ఒక్క మాటలో అనేశారు. ఇల్లు, పశువులు, అంతకుముందు పోయినవాళ్ల సమాధులు అన్నీ వదిలేసి రావడం అది. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008. 23 ఏళ్లు. అందులో ఎంతమంది తల్లులు తీర్పు వినకుండానే పోయుంటారో. ఈ అబ్బాయి పిన్ని రేపు పొద్దున పొయ్యి మీద ఏం పెట్టాలి, అది చెప్పండి ముందు.

తటస్థుడు
నేనొకటి అంటే కోప్పడకండి. ఈ చట్టం దుర్వినియోగం అవుతోందని 2018లో సుప్రీంకోర్టే అంది. చాలా కేసులు కొట్టేస్తున్నారు కూడా. ఒక దెబ్బకి ఇంత దూరం ఎందుకు? పండగ పూట ఏదో మాటామాటా అనుకుని ఉంటారు.

నల్లరేగడి
సగమే చెప్పారు. 2018 మార్చి తీర్పు తర్వాత ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది, 2019లో సుప్రీంకోర్టే తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. ఇక కొట్టేసిన కేసులన్నీ అబద్ధాలేనా? చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి గోతాల్లో కట్టి కాలవలో వేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అంటే ఆ ఎనిమిది మంది వాళ్లంతట వాళ్లే గోతాల్లో దూరారా?

తటస్థుడు
అది వేరు, ఇది వేరు.

పాత సాక్షి
ఇక్కడ రాయకూడదనుకున్నాను. మా అమ్మ ఒక కేసులో సాక్షి. మా పెదనాన్నని కొట్టారు, ఆవిడ కళ్లారా చూసింది. తొమ్మిదేళ్లు వాయిదాలు తిరిగింది. వాయిదా పడిందంటే ఆ రోజు కూలి పోయినట్టే, పైగా బస్సు చార్జీలు. సాక్ష్యం చెప్పాల్సిన రోజు మా ఊరికి బస్సు రాలేదు. ముద్దాయిల తరఫు వాళ్లే "రా అమ్మా, మేమూ అటే" అని ట్రాక్టర్ ఎక్కించుకున్నారు. పిల్లల చదువులు, మా పొలంలో పనులు, అన్నీ దారిలోనే మాట్లాడారు. ఒక్కసారి కూడా బెదిరించలేదు. ఆ ట్రాక్టర్ దిగి వాళ్ల మీద ఏం చెప్తుంది? చీకటి, కనపడలేదు అంది. పట్టపగలు జరిగిందది. లాయరు ఆవిడ మీద విసుక్కున్నాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పెదనాన్న మాత్రం ఏమీ అనలేదు, రోజూ వచ్చినట్టే వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్లాడు. అదే ఆవిణ్ని ఎక్కువ కాల్చింది.

రాజీ పడమనీ చెప్పను, వద్దనీ చెప్పను. పోరాడదాం అంటే మాత్రం వాయిదాకి మీ పిన్నిని ఎవరు తీసుకెళ్తారో ఇప్పుడే అనుకోండి.

నల్లగొండ పోరడు
మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుడు ప్రణయ్ పరువు హత్య 2018లో. తీర్పు 2025 మార్చిలో వచ్చింది, ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. గట్టిగా నిలబడితే పడుతుంది శిక్ష.

వంటిల్లు
అక్కడ సీసీ కెమెరా ఉంది బాబూ. అన్నదానం పందిట్లో ఏముంది? బంతిలో కూర్చున్న జనం. వాళ్లలో ఎవరొస్తారు చెప్పడానికి?

నల్లకోటు
ఈ కేసులు వాదిస్తుంటాను కాబట్టి నాలుగు ముక్కలు. ఈ నేరాలు పెద్దమనుషులు కూర్చుని మాఫీ చేసేవి కావు. ఇద్దరూ ఒప్పుకున్నా కేసు దానంతటది పోదు, కోర్టు కొట్టెయ్యాలి. 2021లో సుప్రీంకోర్టు కొన్ని కేసుల్లో రాజీని ఒప్పుకుంది గానీ, బాధితుడి మీద ఒత్తిడి ఉందా లేదా చూడాలంది. కాబట్టి ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

పందిట్లో అందరి ముందు జరిగింది, అది మీకు బలం. నాలుగు గోడల మధ్య తిట్టి ఉంటే వేరే తలనొప్పి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి, 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. పడిందా? కులం పేరుతో అవమానించినందుకు 2016 నిబంధనల ప్రకారం లక్ష పరిహారం. అందులో 25 శాతం ఎఫ్‌ఐఆర్ అప్పుడే రావాలి. అదైనా వచ్చిందా? చాలామందికి ఈ సంగతే చెప్పరు, ఆలోగా 2 లక్షల మూట కనపడుతుంది. సాక్షుల ప్రయాణ ఖర్చులు కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. పాత సాక్షి గారి అమ్మగారి రోజుల్లో అడిగినవాళ్లు లేరు.

సాంఘిక బహిష్కరణ కూడా ఈ చట్టం కింద నేరమే. కౌలు ఆపడం ఒక్కటే చూపిస్తే నిలవదు, "మా పొలం, మా ఇష్టం" అంటారు. కౌలు, కొట్టు, నాట్లు మూడూ ఒకే నెలలో ఆగాయని తేదీలతో రాసిపెట్టుకోండి.

ఇంతకీ ఫిర్యాదు ఎవరి పేరు మీద ఉంది?

కాలువగట్టు
తమ్ముడి పేరు మీద. మీరు అడిగాకే తట్టింది, ఇన్నాళ్లూ వాణ్ని ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు. నిన్న రాత్రి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "డబ్బు తీసుకుంటే వచ్చే నవమికి నన్ను బంతిలో కూర్చోనిస్తారా అన్నయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సరే, నేను కోర్టులో చెప్తాను అన్నాడు.

చిన్నాన్నకి ఇంకా చెప్పలేదు. పరిహారం మొదటి విడత రాలేదు, చార్జిషీటూ పడలేదు. సోమవారం సెలవు పెట్టి డీఎస్పీ ఆఫీసుకి వెళ్తున్నాం. పిన్ని కూడా వస్తానంటోంది. కారు నేనే తీసుకెళ్తున్నా.